అవ్వ గంజి, అటక మీద గొట్టం

ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించడం పెద్ద విద్యేమీ కాదు. గోడకు కన్నం, కన్నంలో ఫ్యాను, ఫ్యానుకు రెండు వైర్లు. స్విచ్ వేస్తే గిర్రున తిరుగుతుంది, ఇంటివాళ్ళు మురిసిపోతారు, మనం టీ తాగి బయటపడతాం. ఇప్పుడు ఈ పని చేస్తున్న తమ్ముళ్ళకు నేను చెప్పదలుచుకున్నది ఆ తర్వాతి సంగతి. ఫ్యాను తిరుగుతోంది, బాగానే ఉంది. అది తోసిన గాలి ఎక్కడికి పోతోంది? ఈ ఒక్క మాట ఎవరూ అడగకపోవడం వల్ల ఎమ్మిగనూరులో ఒక ముసలామె తన చేతిని తానే నమ్మలేని స్థితికి వచ్చింది.

నేను ఆదోనిలో ఇళ్ళ వైరింగు పని చేసి మానుకున్నవాణ్ణి. మోకాళ్ళు మొరాయించి నిచ్చెన దిగాను గానీ నోరు మాత్రం ఇంకా దిగలేదని మా ఇంటావిడ అంటుంది. పని చేసిన కాలంలో ఎక్కువ భాగం ఒక మేస్త్రితో కలిసి తిరిగాను. పెద్దకడుబూరు మనిషి. గోడ కొట్టడం, పూయడం ఆయన వంతు, వైరు లాగడం నా వంతు. చేతిలో పనితనం ఉన్నవాడే. కాకపోతే ఎదుటివాళ్ళు ఏది అడిగితే దానికి తల ఊపే జబ్బు ఒకటి ఉంది. పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ కడుపులో పడితే ఆ జబ్బు ఇంకా ముదిరేది. "మేస్త్రీ, ఈ గోడ వంకరగా కట్టు" అంటే కూడా "అట్లే కానీప్పా" అనేసే రకం.

ఎమ్మిగనూరులో ఒక మగ్గం ఇంటి నుంచి ఆయనకు ఫోను వచ్చింది. అప్పటికి కొన్ని నెలల కింద ఆ ఇంట్లో ఆయన ఒక స్నానాల గది కట్టాడు. నేనప్పుడు పత్తికొండలో ఒక కొత్త ఇంటి వైరింగులో ఉన్నాను. ఫ్యాను బిగించడానికి నేనెందుకులే అని ఆయనే కానిచ్చేశాడు. ఇప్పుడు ఆ ఫ్యాను ఏదో పేచీ పెడుతోందట. "రాన్నా, బస్సెక్కితే ఎంతసేపు, ఆడ బజ్జీలు కూడా బాగుంటాయి" అని నన్ను వెంటబెట్టుకుని పోయాడు.

ఇల్లు ఇరుకైనది, పొడుగ్గా ఉంటుంది. ముందు వీధి, వీధిని ఆనుకుని కొత్త స్నానాల గది, దాని పక్కనే మగ్గాల గది. ఆ రెండు గదుల మీదుగా అటక. స్నానాల గది రెండో పక్క గోడ పక్కింటి దేవుడి గూటికి ఆనుకుని ఉంటుంది. ఇంటాయన నేతగాడు, నలభై దాటిన మనిషి. తల్లికి మోకాళ్ళ నొప్పులు వచ్చి పెరట్లోకి నడవలేకపోతోందని, ఆమె కోసమే ఈ గది కట్టించాడు. వేడినీళ్ళ గీజరు కూడా పెట్టించాడు. మరుగుదొడ్డి మాత్రం మునుపటిలాగే పెరట్లో ఉంచాడు.

"ఏమప్పా, ఏమైంది?" అన్నాను.

"అన్నా, ఈ ఫ్యాను గాలి లాగమంటే నీళ్ళు కారుస్తాంది. మాయమ్మ నీళ్ళు పోసుకుంటాంటే నెత్తిన సల్లగా చుక్కలు పడతాండాయి."

"నీళ్ళు పోసుకునేటప్పుడే గదప్పా పడతాండాయి, మంచిదే గదా" అన్నాడు మేస్త్రి. ఎవరూ నవ్వలేదు. మేస్త్రి హాస్యానికి నవ్వు రాకపోవడం ఆ చుట్టుపక్కల ఊళ్ళలో కొత్తేం కాదు, కానీ ఆ ఇంట్లో గాలే బరువుగా ఉంది.

గడప దగ్గర ఆ తల్లి కూర్చుని ఉంది. సన్నటి మనిషి. చిక్కుపడ్డ నూలును విడదీస్తోంది గానీ చూపు దాని మీద లేదు. నేను "బాగున్నావా అవ్వా" అంటే తల ఊపిందంతే. కోడలు టీ తెచ్చి, గ్లాసు నా చేతికిస్తూ గొంతు తగ్గించింది.

"మాయత్త ఈ మద్దెన సరింగా తింటా లేదన్నా. గంజి కాయొద్దన్యారని."

అదేమిటో అర్థం కావాలంటే నేతపని గురించి ఒక్క ముక్క చెప్పాలి. మగ్గం మీద పొడుగునా పరుచుకునే నూలును పడుగు అంటారు. మగ్గమెక్కే ముందు దానికి గంజి పట్టించాలి, లేకపోతే పోగులు తెగిపోతాయి. పొద్దున్నే వీధి పొడుగునా పడుగు సాచి, ఇరుగుపొరుగు అందరూ చేయి వేసి, కుంచెలతో గంజి దువ్వుతారు. గంజి పలచనైతే పోగుకు బలం రాదు, చిక్కనైతే పెళుసెక్కుతుంది. ఆ వీధిలో ఎవరింట్లో పడుగు సాచినా గంజి సరిపోయిందో లేదో చెప్పమని గిన్నె తెచ్చి ఈ అవ్వకే చూపించేవాళ్ళట. వానలు పట్టుకుంటే వీధిలో పడుగు సాచడం కుదరదు కాబట్టి, ముందుగానే కొన్ని పడుగులకు గంజి పెట్టి, ఆరబెట్టి, చుట్టి అటక మీద దాచుకుంటారు.

ఆ ఏడాది అటక మీద నుంచి దించిన పడుగల్లా చెడిపోయింది. ఆవాలు చల్లినట్టు నల్లమచ్చలు, పులిసిన వాసన. మగ్గమెక్కిస్తే పోగులు పటుక్కుమని తెగుతున్నాయి. నూలు ఇచ్చే సావుకారు వచ్చి చూసి, ముక్కు మూసుకుని, "మీ ఇంటి గంజి సెడింది. ఇంగోసారి ఇట్లయితే నూలు ఇయ్యను" అని చెప్పి పోయాడు. కొడుకు ఏం చేస్తాడు? తల్లి దగ్గర కూర్చుని, కోపంగా కూడా కాదు, మెత్తగానే చెప్పాడు. "నీకు వయసైనాది లేమ్మా. ఇంగ గంజి పని వద్దు, సుఖంగా కూసో." మెత్తగా చెప్పడం వల్లే ఆమెకు ఎక్కువ తగిలిందని నాకనిపించింది. కసురుకుంటే తిరిగి ఒక మాట అనేదేమో.

ఇదంతా వింటూ నేను ఫ్యాను విప్పాను. విప్పగానే గొట్టంలోంచి గ్లాసెడు నీళ్ళు నా చొక్కా మీద పడ్డాయి. ఫ్యాను వెనక ముడతల గొట్టం ఒకటి బయటి గోడలోకి పోకుండా పైకి తిరిగి, అటక పలకలోంచి మాయమైంది. వేడి ఆవిరి ఆ ముడతల్లో చల్లబడి నీళ్ళై, వచ్చిన దారినే వెనక్కి కారుతోంది. ఫ్యాను తప్పేమీ లేదు.

"మేస్త్రీ, ఈ గొట్టం యాడికి పోయింది?"

"పైకి పోయిందిలేన్నా."

"పైకంటే?"

"పైకంటే పైకే. నీళ్ళు కారతాండేది సూడమంటే గొట్టం జాతకం యాల నీకు? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

ఆయన అంత గట్టిగా సామెత చెప్పాడంటే ఎక్కడో ఏదో ఉందని అర్థం. నిచ్చెన వేసుకుని అటక ఎక్కాను. ఎక్కీ ఎక్కగానే మొహానికి వెచ్చటి తడి తగిలింది, పులిసిన పిండి వాసన కొట్టింది. అటకకు వీధి వైపు ఒక చిన్న కిటికీ ఉంది గానీ ఆషాఢం గాలికి దుమ్ము వస్తుందని దానికి గోతాలు కుక్కారు. గొట్టం నోరు తెరుచుకుని ఉంది. దాని నోటికి ఎదురుగా, తెల్లటి గుడ్డలో చుట్టిన పడుగులు వరసగా పేర్చి ఉన్నాయి.

"ఫ్యాను ఉత్తనే కట్టి, ఒకసారి స్విచ్ వేయి" అని కింద ఉన్న మేస్త్రికి అరిచాను. ఫ్యాను తిరిగింది. గొట్టం నోట్లోంచి వచ్చిన గాలికి పడుగు మీద కప్పిన గుడ్డ అంచు రెపరెపలాడింది. నాకు ఒళ్ళు మండిపోయింది. చుట్టాన్ని సాగనంపుతున్నామని చెప్పి పక్కగదిలో మంచమేసి పడుకోబెట్టినట్టుంది ఆ పని. రోజూ ఇంటిల్లిపాదీ వేడినీళ్ళు పోసుకోవడం, ఆ ఆవిరంతా మూసిన అటకలోకి పోయి గంజి పెట్టిన నూలు మీద కూర్చోవడం. గంజి అంటే అన్నమే కదా. తడి తగిలితే బూజు పట్టకేం చేస్తుంది?

దిగి వచ్చి మేస్త్రి మొహం చూశాను. ఆయన ఇక దాచలేదు.

"నేనేం సేద్దునన్నా. వీధి గోడకు కన్నం కొడతాంటే ఈ వీధి పెద్దాయన కర్ర పట్టుకోని వచ్చినాడు. రేప్పొద్దున ఈడ పడుగు సాస్తాం, మీ బాత్రూం గాలి పడుగు మీద కొడితే ఎట్లరా అన్యాడు. నిజమే గదా అనిపించె. ఈ పక్కనేమో పక్కింటోళ్ళ దేవుడు. ఇంగ యాడ పెడదును? పైకి తిప్పినాను. కిటికీ ఉంది గదా, పోతాదిలే అనుకున్యా."

నాకు కోపం సగంలోనే ఆగిపోయింది. ఎవరి మాటలోనూ చెడు లేదు. పడుగు వాళ్ళకు అన్నం పెట్టేది. చెప్పులతో దాటరు, ఆడపిల్లలు కూడా పక్కగా తప్పుకుని పోతారు. స్నానాల గది గాలి దానికి తగలకూడదని వీధి మొత్తం జాగ్రత్తపడింది. అలా జాగ్రత్తపడి, ఆ గాలిని తెచ్చి లోపల దాచిన పడుగు మీదకే వదిలింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, అటక మీద గొట్టం పెట్టుకుని అవ్వ చేతిలో తప్పు వెతికారు.

ఇంటాయనను పిలిచి చెప్పాను. ఆయన నమ్మలేదు.

"ఆవిరంటే ఆరిపోతాది గదన్నా. దానికి పడుగు సెడతాదా? మాయమ్మ బాధ పడతాందని నువ్వు సెప్తాండావేమో."

మనిషి మంచివాడే. కానీ ఒకసారి తల్లికి మెత్తగా చెప్పేశాక, అది తప్పని ఒప్పుకోవడం కష్టంగా ఉంటుంది. నేను ఇంకో మాట అనబోతుంటే గడప దగ్గర నుంచి గొంతు వినిపించింది. ఆ పొద్దు అవ్వ నోరు విప్పడం అదే మొదలు.

"నేను గంజి కాస్తా. రెండు చిలపల నూలుకు పట్టిస్తా. ఒకటి ఆ గొట్టం కాడ పెట్టండి. ఇంగోటి ఈడ, వసారాలో మేకుకు తగిలించండి. ఒకే గిన్నె, ఒకే చెయ్యి. వారం తర్వాత సూడండి. గంజి సెడ్డదైతే రెండూ సెడతాయి."

చిలప అంటే నూలు కట్ట. ఇంత తేలికైన దారి నాకు తట్టనందుకు కాస్త సిగ్గేసింది. కొడుకు సరేనన్నాడు. ఆ వారానికి ఫ్యాను, గొట్టం ఉన్నవి ఉన్నట్టే ఉంచాం. కోడలు పొయ్యి వెలిగించింది.

అవ్వ గంజి కాస్తుంటే పక్కన కూర్చున్నాను. మేస్త్రి బజ్జీల కోసమని పోయాడు, కొడుకు మగ్గం గుంతలోకి దిగాడు. గరిటె తిప్పుతున్న ఆమె చేయి వణుకుతోంది. కొబ్బరినూనె రెండు చుక్కలు వేసి, నా వైపు చూడకుండా అంది.

"ఒక మాట సెప్తా, ఎవురికీ సెప్పాకప్పా. నాకే అనుమానంగా ఉంది. చెయ్యి వణుకుతాది. వేలికి పలచన చిక్కన తెలిసేది మునుపు, ఇప్పుడు తెలుస్తాందో లేదో నాకే తెల్దు. వాడు అనింది నిజమేనేమో. రెండు చిలపలూ సెడితే ఇంగ నేను ఈ గిన్నె ముట్టను."

నాకు వైర్లు తెలుసు గానీ గంజి తెలియదు. అటక మీద చూసింది నూటికి నూరుపాళ్ళు నిజమే. అయినా ఆ మాట విన్నాక, ఒకవేళ ఈమె చేయి కూడా నిజంగానే చెడి ఉంటే అన్న భయం నాకూ పట్టుకుంది. ఆ వారం ఆదోనిలో ఏ ఇంట్లో ఏ స్విచ్ బిగిస్తున్నా నా మనసు వసారాలో వేలాడుతున్న ఆ చిలప మీదే ఉండేది.

వారం తర్వాత మళ్ళీ పోయాం. మేస్త్రి దారి పొడుగునా ఒక్క జోకు కూడా వేయలేదు, బజ్జీల ఊసు ఎత్తలేదు. కొడుకు తానే అటకెక్కి చిలప దించాడు. వెలుగులోకి తెచ్చి చూడాల్సిన అవసరం కూడా లేకపోయింది, నిచ్చెన మీద ఉండగానే వాసన వచ్చింది. మెత్తబడిపోయి, అక్కడక్కడా నల్లటి చుక్కలు. కోడలు వసారాలోని చిలప తెచ్చి అవ్వ ఒడిలో పెట్టింది. తెల్లగా, బిరుసుగా ఉంది. పట్టుకుంటే గరగరలాడింది.

కొడుకు చెడ్డ చిలప చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "అమ్మా" అన్నాడు.

అవ్వ అతన్ని తిట్టలేదు. నా వైపు తిరిగి, చూశావా అన్నట్టు తల ఎగరేయనూ లేదు. ఒడిలోని నూలు పోగుల మీద బొటనవేలు నెమ్మదిగా నడిపించింది, ఈ కొసనుంచి ఆ కొసదాకా. కళ్ళు తుడుచుకుంది. అప్పుడు కోడలి వైపు చూసింది.

"ఆకలైతాంది. సంగటి ఉంటే పెట్టు."

కోడలు వంటింట్లోకి పరుగు తీసింది. మేస్త్రి గోడ వైపు తిరిగి, ఏదో పగులు పరీక్షిస్తున్నట్టు నటించాడు. నాకూ కళ్ళు చెమర్చాయి, చెప్పడానికి సిగ్గేమీ లేదు.

ఇక గొట్టం సంగతి తేల్చాలి. వీధి పెద్దాయనను పిలిపించారు. ఆయన కర్రతోనే వచ్చాడు. జరిగింది విన్నాడు, చెడిన చిలప వాసన చూశాడు, అయినా పట్టు వదల్లేదు.

"అదంతా సరేప్పా. అయినా మైల గాలి మైల గాలే గదా. పడుగు సాసే వీధిలోకి యెట్ల ఇడుస్తారు?"

సంగటి ముద్ద చేతిలో పట్టుకునే అవ్వ జవాబు చెప్పింది.

"పడుగు ముట్టాలంటే ముందు మనం ఏం సేస్తాం మామా? నీళ్ళు పోసుకోని వస్తాం. నీళ్ళు పోసుకున్య ఆవిరికి మైల యాడ నుంచి వచ్చింది? మైల పోయే సోటు అది."

పెద్దాయన కర్ర కొన మీద చేతులు పెట్టుకుని నవ్వేశాడు. "నీ నోటికి మాత్రం వయసు కాలేదు పాపా" అన్నాడు. ఆ ఇంట్లో నేను విన్న మొదటి నవ్వు అది.

అయినా నేను వీధి గోడకు కన్నం వద్దన్నాను. మైల లేకపోయినా తడి ఉంది కదా. తల ఎత్తులో నుంచి ఆవిరి బయటికి కొడితే, వీధిలో సాచిన పడుగు ఆరేదెప్పుడు? పైకే పంపాలి, కానీ అటక దాకా పంపి ఊరుకోకూడదు, మిద్దె దాటించాలి. మేస్త్రి మొహం మాడ్చుకున్నాడు. మిద్దెకు కన్నం కొడితే వాన కారుతుందని ఆయన భయం. "కారనీకుండా సేసేదానికే గదా నువ్వు మేస్త్రివి" అన్నాను. తన పని తానే సరిదిద్దుకోవడానికి ఆయన కూలి మాట కూడా ఎత్తకుండా రెండు పూటలు వంగి పని చేశాడు. గొట్టం చుట్టూ మిద్దె మీద గట్టు కట్టి, వాన నీళ్ళు పక్కకు జారేలా పూశాడు. ఆ గట్టు చూస్తే ఇప్పటికీ ముద్దొస్తుంది.

తమ్ముళ్ళూ, మీకు పనికొచ్చే ముక్క ఇక్కడుంది. ముడతల గొట్టం పీకేసి, ఫ్యాను నోరెంత వెడల్పో అంతే వెడల్పున్న నున్నటి గొట్టం వేశాను. వంపులు ఎంత తక్కువుంటే అంత మంచిది. అటక మీద చల్లబడిన నీళ్ళు ఫ్యాను మీదకు రాకుండా, కింద మలుపు దగ్గర కొంచెం బయటికి వాలు పెట్టి, నీళ్ళు జారిపోయే సన్నటి దారి వదిలాను. మిద్దె మీద చివరన టోపీ, పిచ్చుకలు గూడు పెట్టకుండా జల్లెడ. ఇక అందరూ మరిచిపోయేది ఒకటుంది, తలుపు కింద కాస్త సందు. కొత్త గాలి లోపలికి రాకపోతే పాత గాలిని ఫ్యాను ఎలా తోస్తుంది? ఆ తలుపు నేలకు అతుక్కుని ఉంటే అడుగున కోయించాను. స్నానం అయ్యాక కూడా కాసేపు ఫ్యాను తిరగనివ్వండని చెప్పి వచ్చాను. అటక కిటికీకి కుక్కిన గోతాలు కోడలే లాగి పారేసింది.

వానలు తెరిపిచ్చిన ఒక పొద్దున, పడుగు సాస్తున్నాం రమ్మని ఆ ఇంటాయన ఫోను చేశాడు. పని ఏమీ లేకపోయినా మేమిద్దరం మొదటి బస్సుకే పోయాం. వీధి కొస నుంచి కొస దాకా కర్రల మీద తెల్లటి పడుగు బిగించి ఉంది. మిద్దె మీద కొత్త గొట్టం టోపీ లోంచి సన్నగా ఆవిరి లేచి పోతోంది. అవ్వ అప్పుడే నీళ్ళు పోసుకుని బయటికి వచ్చింది. తడి జుట్టు ముడివేసుకుని, అరుగు మీద గంజి గిన్నె ముందు కూర్చుంది.

మగవాళ్ళు కుంచెలు పట్టుకుని పడుగుకు అటూ ఇటూ నిలబడ్డారు. వాళ్ళలో వీధి పెద్దాయనా ఉన్నాడు. కొడుకు గిన్నె దగ్గరికి వచ్చి, వీధి మొత్తం వినేలా అడిగాడు.

"అమ్మా, గంజి సరిపోయిందా?"

అవ్వ వేలు ముంచింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూసుకుంది. చేయి వణుకుతూనే ఉంది. అంతమందిని నిలబెట్టి కూడా తొందరపడలేదు.

"ఇంగొంచెం ఉడకల్ల. రెండు పుల్లలు ఎగదోయి."

కొడుకు గొంతుక్కూర్చుని మంట ఎగదోశాడు. ఎండ ఎక్కుతోంది, ఆలస్యమైతే కుంచెతో దువ్వేలోపే గంజి ఆరిపోతుందని అందరికీ తెలుసు. అయినా ఒక్కరూ కదల్లేదు. మా మేస్త్రి కూడా ఎవరి దగ్గరో ఒక కుంచె అడిగి తీసుకుని, పిలవని పేరంటానికి వచ్చినవాడిలా వరస చివర నిలబడ్డాడు. అవ్వ మళ్ళీ వేలు ముంచింది, మళ్ళీ రుద్దింది.

"ఊఁ, కానీండి" అంది. అప్పుడు లేచాయి కుంచెలు.